ఇనుప పీరు

ఆవిష్కరణ రోజు ముఖ్య అతిథి గారు తాడు లాగగానే ఆకుపచ్చ శాటిన్ గుడ్డ సగం చిరిగి ఆయన చేతిలోకి వచ్చింది. మిగతా సగం పైన ఇనుప రేకులకు చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. అతిథి గారు చేతిలో ఉన్న సగాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడ పెట్టాలో తోచక, పక్కనే నిలబడ్డ రిజిస్ట్రార్ శ్రవణ్ కుమార్ భుజాల మీద కప్పారు. శాలువా అనుకుని సభ చప్పట్లు కొట్టింది. రిజిస్ట్రార్ గారు రెండు చేతులూ జోడించి నలుదిక్కులా నమస్కారం పెట్టారు. తర్వాత కార్యక్రమం యథావిధిగా సాగింది.

పైనున్న సగాన్ని దింపే పని తోటమాలి బాబాకు పడింది. వెదురుగడకు కొడవలి కట్టి లాగాడు. గుడ్డ రాలేదు, కొడవలి ఊడి వచ్చి ముందు వరుస కుర్చీల మధ్య పడింది. ముందు వరుస కాసేపు రెండో వరుస అయింది. "చాలు బాబా, రేపు క్రేన్ తెప్పిద్దాం" అన్నారు రిజిస్ట్రార్. ఆ రేపు ఇంకా రాలేదు.

లైబ్రరీ ముందరి పచ్చికలో నిలిపిన ఆ శిల్పం లైబ్రరీ కన్నా ఎత్తు. మూరెడు మందం స్టీలు స్తంభం, దాని కొసన అరచేయిలాంటి పలక, ఆ పలక నుంచి ఆకాశంలోకి లేచిన అయిదు రేకులు. చేసినామె సుమన అని హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. పేరు 'ఆకాంక్ష' అన్నది. "దీనికి ఫలానా అర్థం అని నేను పెట్టలేదు. చూసేవాళ్లకు ఏది కనిపిస్తే అదే దీని అర్థం" అని కూడా మైకులో చెప్పింది. తర్వాత జరిగినదానికి ఎవరి మీదైనా తప్పు మోపాలనుకునేవాళ్లు ఈ మాటను మరిచిపోకూడదు.

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే దారిలో ఆ విశ్వవిద్యాలయం గోడను ఆనుకుని బండగడ్డ అని చిన్న ఊరు ఉంది. గోడ పేరుకే. ఊరివాళ్లు చేలకు పోవడానికి గేటు పక్కనే ఎడ్లబండి పట్టేంత సందు చేసుకున్నారు. అట్లా పోతూ వస్తూ వాళ్లు ఆ శిల్పాన్ని చూశారు. కర్ర మీద హస్తం నిలబడి, దానికి పచ్చగుడ్డ కట్టి ఉంటే, పాలమూరులో పుట్టిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మొహర్రం వస్తే ఊరూరా లేచేది అదే. తురకలు మోస్తారు, అందరూ మొక్కుతారు. పీరు.

ఆ ఊరి పీర్లను మోసే ఇల్లు బాబాది. తాత మోశాడు. తండ్రి మోశాడు. తండ్రికి మోకాళ్లు పోయినప్పుడు, మూతి మీద ఇంకా మీసం సరిగ్గా మొలవని బాబా ఎత్తుకున్నాడు. మొహర్రం నెలవంక కనబడ్డాక చావిడిలో పెట్టె తెరిచి పీర్లను చింతపండుతో తోమి, ఊదు వేసి, వెదుళ్లకు ఎక్కించి నిలపాలి. ఆ పది దినాలు బాబా మాంసం ముట్టడు, చెప్పులు తొడగడు, భార్య లాల్‌బీతో కూడా అవసరానికి మించి మాట్లాడడు. ఆ పది దినాలు ఆయనకు కోపం రాదు. మిగతా సంవత్సరమంతా వస్తుంది.

ఆయన కోపం గురించి చెప్పుకోవాలంటే బస్సు ముచ్చట ఒక్కటి చాలు. ఇటిక్యాలలో చెల్లెలింటికి పోతూ ఎర్రవల్లి చౌరస్తాలో దిగాల్సినవాడు, "జల్ది దిగు ముసలయ్యా" అని కండక్టరు అన్న మాటకు రోషం వచ్చి దిగనే లేదు. బస్సుతో గద్వాల దాకా పోయాడు, అదే బస్సులో తిరిగి వచ్చాడు, చౌరస్తా మళ్లీ వచ్చినప్పుడు కూడా దిగలేదు. చెల్లెలు వండిన బిర్యానీ చెల్లెలింట్లోనే చల్లారింది. ఇంటికొచ్చి ఆకలితో పడుకుని, "వానికి బుద్ధి జెప్పిన" అన్నాడు లాల్‌బీతో.

ఇవన్నీ నవ్వుకునే కోపాలు. నవ్వలేని కోపం ఒకటి ఉంది. విశ్వవిద్యాలయం రాకముందు ఆ నేల చెలక. బాబా దాన్ని కౌలుకు చేసేవాడు, వేరుశనగ వేసేవాడు. భూమి తీసుకున్నప్పుడు పట్టాదారుకు పరిహారం వచ్చింది. కౌలుదారుకు తోటమాలి పని వచ్చింది, అదీ ఏజెన్సీ కింద. వేరుశనగ బుడ్డలు పండిన నేల మీద గొడ్డు కూడా మేయని గడ్డికి రోజూ పైపు పట్టుకుని నీళ్లు కొట్టడం ఆయన ఉద్యోగం. ఆ గడ్డి నడుమ ఇప్పుడు ఈ ఇనుము.

అయినా మొదట్లో ఆయనకు శిల్పం మీద పగ ఏమీ లేదు. బుజ్జమ్మ రావడంతో మొదలైంది.

బుజ్జమ్మ, ఆమె భర్త వెంకటయ్య ఊర్లో పెద్ద రైతులు. పీర్ల ముందు మంట వేసే గుండానికి కట్టెలు పెట్టేది తరతరాలుగా వాళ్లిల్లే. ఆ ఏడు తొలకరి మురిపించి పోయింది. పత్తి గింజలు పెట్టినవాళ్లంతా మొగులు వైపు చూస్తూ కూర్చున్నారు. ఒకరోజు పొద్దున బాబా పైపు పట్టుకుని వచ్చేసరికి బుజ్జమ్మ మొక్కుకుంటూ స్తంభానికి ఎర్ర గుడ్డ ముడి వేస్తున్నది.

"ఏందక్కా గది?"

"దట్టీ, బాబన్నా. కనవడ్తలేదా?"

"ఎవరికి?"

"పీరుకు."

"అది పీరు గాదక్కా. ఇనుము."

"మీ పెట్టెల ఉన్నది మాత్రం ఇత్తడి గాదా?" అంది బుజ్జమ్మ, ముడి బిగిస్తూ.

పైపులోంచి నీళ్లు బాబా కాళ్ల మీదనే పోతున్నాయి.

"మొహర్రం ఇంగ రానే లేదు. పీరు బయటికి ఎట్లొస్తది?" అన్నాడు చివరికి.

"గందుకే ఇది పెద్ద మనసు పీరు. మన కష్టం జూసి ముందుగాలనే ఒచ్చింది. మీది ఇంగ పెట్టెల గుర్రువెట్టి పండుకోనుండె. పో, నీ గడ్డికి నీళ్లు కొట్టుకో పో."

ఆ సాయంత్రం వాన పడింది. వనపర్తిలో పడింది, కృష్ణ అవతల ధరూర్‌లో పడింది, నాగర్‌కర్నూల్ దాటి ఉప్పునుంతలలో కూడా దంచి కొట్టిందని టీవీలో చెప్పారు. బండగడ్డలో మాత్రం అది బుజ్జమ్మ దట్టీకి పడ్డ వాన.

ఇక ఆగుతారా? వారం తిరిగేసరికి స్తంభం చుట్టూ దట్టీలే దట్టీలు. ఎర్రవి, పచ్చవి, పసుపువి, చీర కొంగులు, ఒక లుంగీ ముక్క. ఎండుకొబ్బరి కుడుకల దండలు. ఊదుబత్తీలు. సెమిస్టరు పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి హాస్టలు పిల్లలు హాల్ టికెట్టు జిరాక్సులను దారంతో కట్టి వేలాడదీశారు. రిజిస్ట్రార్ గారి కారు డ్రైవరు కొత్త టైర్లకు కొబ్బరికాయ కొట్టాడు. ప్రమోషను ఆగిపోయిన ఒక లెక్చరర్ కూడా సాయంత్రం వాకింగుకు వచ్చినట్టు వచ్చి, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి, స్తంభం మొదట్లో ఏదో ముడి వేసి పోయారు. వారి పేరు చెప్పడం మర్యాద కాదు.

బాబాకు ఒళ్లు మండిపోయింది. ఊదు వేసే పద్ధతి లేదు, ఫాతెహా చదివేవాడు లేడు, ఉపవాసం లేదు. జనం చెప్పులతో వచ్చి మొక్కి చెప్పులతోనే పోతున్నారు. ఒకరోజు పైపు పక్కన పారేసి, "చెప్పులు ఇడ్సి మొక్కున్రి! పీరు కాడికి గిట్లనే వస్తరా?" అని అరిచాడు. వాళ్లు భయపడి చెప్పులు విడిచారు. తన నోటి నుంచి పీరు అన్న మాట వచ్చిందని బాబాకు అప్పుడు తెలిసింది. ఇక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. గడ్డి కోసే కత్తెర తనంతట తానే మొద్దుబారిందని దాన్ని మాత్రం తిట్టాడు.

రాత్రి అన్నం పెడుతూ లాల్‌బీ అంది: "సునో జీ, నీ గుస్సా అది పీరు అయిందని గాదు. నిన్ను అడగకుంట అయిందని."

"నోరు మూసి పప్పు వెయ్యి."

"ఏస్తున్న గదా. చెప్పుకుంటనే ఏస్తున్న."

నాలుగు రోజుల్లో రిజిస్ట్రార్ గారి నుంచి పిలుపు వచ్చింది. శ్రవణ్ కుమార్ చెడ్డమనిషేమీ కాదు. వచ్చే నెలలో తనిఖీ బృందం రాబోతున్నది. వాళ్లు రాకముందే తన తల నెరిసిపోతుందేమోనని భయపడుతున్న మనిషి. శిల్పం సంగతి మొరపెట్టుకుందామని ఆయన సుమనకు ఫోన్ చేస్తే, ఆ అమ్మాయి ఫొటోలు పంపమని అడిగి, చూసి, "జనం దాన్ని తమదిగా చేసుకున్నారు సర్! ఇంతకన్నా ఒక శిల్పికి ఏం కావాలి?" అని సంబరపడిందట. ఆ సంబరం ఆయన చెవిలో ఇంకా మోగుతుండగా బాబా లోపలికి వచ్చాడు.

"ఏం బాబా, ఇదంతా మీ వాళ్ల పనేనట కదా?"

"మా వాళ్లు అంటే ఎవరు సార్?"

"అదే... పీర్ల వాళ్లు. నువ్వే కదా వాటిని చూసుకునే ముజావరువి. నీ ప్రోత్సాహం లేకుండా ఇంత దూరం వస్తుందా? ఈ రోజు దట్టీలు, రేపు రేకుల షెడ్డు, ఎల్లుండి దర్గా. నేను ఇట్లాంటివి చాలా చూశాను."

బాబా నిలబడ్డచోటే నిలబడ్డాడు. మెడ నరాలు మాత్రం లేచాయి.

"ముందుగాల కట్టింది బుజ్జమ్మ సార్. ఎంకటయ్య పటేల్ పెండ్లాం. కొబ్బరికాయ గొట్టింది మీ డ్రైవరు. కాయిదాలు కట్టింది మీ పిల్లగాండ్లు. అందర్ల ఒక్కడన్న మా వాళ్లున్నడేమో జూపియ్యున్రి. పచ్చగుడ్డ ఏసింది ఎవరు సార్? మీరు పిల్సిన పెద్దమనిషి. సగం మీ బుజాన గప్పె, సగం దాని బుజాన గప్పె. మా వాళ్లంట, మా వాళ్లు!"

"గొంతు తగ్గించు."

"తగ్గదు సార్. గింతే ఉంటది నా గొంతు."

రిజిస్ట్రార్ కుర్చీలో వెనక్కి వాలారు. "సరే. నువ్వు కాదు, ఒప్పుకున్నాను. అయినా లాన్ నీ డ్యూటీ. రేపటి నుంచి పొద్దున్నే వచ్చి అవన్నీ తీసెయ్యాలి. తియ్యనంటే చెప్పు, ఏజెన్సీ వాళ్లు వేరే మనిషిని పంపుతారు."

మర్నాటి నుంచి బాబా దట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. ఇనుము మీద ఆయనకు భయం లేదు, భక్తి లేదు. కానీ దట్టీ దట్టీయే. ప్రతి ముడి వెనకా ఒకరి జ్వరమో, ఒకరి చేనో, ఒకరి కడుపుపంటో ఉంటుందని చిన్నప్పటి నుంచీ తెలిసిన చేతులు అవి. పీకి పారేయలేక ఒక్కొక్కటే విప్పి, మడిచి, పనిముట్ల గదిలో గోనెసంచిలో పెట్టుకున్నాడు. ఎరువు బస్తా ఒకటి పక్కకు జరిపి మరీ చోటు చేశాడు. విప్పుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు, దట్టీని తప్ప అందరినీ.

చేలకు పోయే ఊరంతా ఆ సందులోంచే పోతుంది. విప్పడం చూశారు. మడవడం ఎవరికీ కనిపించలేదు.

మొహర్రం నెలవంక కనబడడానికి ముందు రోజు సాయంత్రం వెంకటయ్య బాబా ఇంటికి వచ్చాడు. వెనక బుజ్జమ్మ. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి అడిగాడు.

"బాబన్నా, దట్టీలు పీకిన చెయ్యితోని పీరెట్ల ఎత్తుతవ్?"

"నేను పీకింది ఇనుము మీదియి ఎంకటన్నా. పీరు మీదియి గాదు."

"ఊరందరికి అది పీరు. నీ ఒక్కనికి ఇనుము. ఊరు పెద్దదా, నువ్వు పెద్దనా?"

"మొక్కింది ఊరు. మోసింది నేను. ఏది పీరో నాకు తెల్వదా?"

"తెల్వకనే గదా పీకినవ్. నౌకరి కోసం పీకినవ్."

ఆ మాటతో బాబా లేచాడు. "అవ్, నౌకరి కోసమే! నా చెలక పోయిననాడు ఈ ఊర్ల ఒక్కడొచ్చి అడిగిండా, బాబన్నా ఏం దింటవని? పట్టా పైసలు పట్టాదారు పెట్టెకు బోయినయ్, నా పెయ్యి మీదికి ఈ పైపొచ్చింది. ఆనాడు రాని పెద్దమనుషులు ఈయాల పీకినవ్ అని అడగనీకి వచ్చిన్రు!"

వెంకటయ్య తల దించుకున్నాడు గానీ మాట దించలేదు. "గది వేరే ముచ్చట. పీరు మా అన్న కొడుకుతోని ఎత్తిపిస్తమని ఊర్ల మాట్లాడుకున్నం. నీకు చెప్పి పోదమని వచ్చిన."

లాల్‌బీ ఇంట్లోంచి గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ఇంట్లో పీరు కాక ఇంకేముంది? చెలక లేదు. కొడుకులు లేరు, కూతురు తరన్నుమ్ అత్తగారింట్లో ఉంది. బాబా నోట మాట లేదు. ఆయనకు కోపం వస్తే మాటలు ఎక్కువవుతాయి. ఆగిపోయాయంటే అది కోపం కాదని లాల్‌బీకి తెలుసు.

"ఆగున్రి జర" అంది బుజ్జమ్మ. "ఊకె గొట్లాట ఎందుకు? ఆఖరు రోజు మన పీరును తీస్కపోయి ఆ పీరుతోని కలిపిద్దం. కలిస్తె అందరి మనసు కుదురుతది."

పీర్లను కలపడం అక్కడి ఆచారం. ఆఖరు రోజున వాగులో కడగడానికి పోయే రెండు ఊర్ల పీర్లు దారిలో ఎదురుపడితే డప్పులు ఆగిపోతాయి. చిన్నపీరు నాలుగడుగులు ముందుకొచ్చి, వంగి, పెద్దపీరుకు సలాం చేస్తుంది. పెద్దపీరు అప్పుడు కదిలి దాన్ని కౌగిలించుకుని అలాయి బలాయి ఇస్తుంది. ఏది పెద్దదో, ఏది చిన్నదో అందరికీ తెలుసు. ఒకప్పుడు తెలియక రెండు ఊర్ల తలలు పగిలాయి కూడా.

వెంకటయ్యకు ఆ ఉపాయం నచ్చింది. "సరే. బాబన్నా, నువ్వే ఎత్తుకో. ఆడికొచ్చి పీరును జర వంచు. సలాం చేస్తే నీ తప్పు మాఫ్. చెయ్యకపోతివా, వచ్చే ఏడు నుంచి పీరు ఈ ఇంటిది గాదు."

"ఎత్తుకుంట" అన్నాడు బాబా.

వంచుతానని అనలేదు. ఆ సంగతి లాల్‌బీ ఒక్కతే గమనించింది.

ఆఖరు రోజు మధ్యాహ్నం పీరు లేచింది. వాన వెలిసి ఎండ చురుక్కుమంటున్నది. డప్పులు, ఊదు పొగ, "హసన్ హుస్సేన్" కేకలు. దట్టీల బరువుకు వెదురు వంగిపోతున్నది. అయినవాళ్లూ కానివాళ్లూ కట్టిన గుడ్డలతో పీరు నిండు గర్భిణిలా ఉంది. మోస్తున్న బాబా కాళ్ల మీద ఇంటింటి ముందూ ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తున్నారు.

విశ్వవిద్యాలయం గేటు దగ్గర రిజిస్ట్రార్ గారు స్వయంగా నిలబడి ఉన్నారు. గేటుకు పెద్ద తాళం. పక్కన సెక్యూరిటీ గార్డు ఇస్రాయేలు, తాళంచెవి ఎవరికీ కనబడకుండా పిడికిట్లో పట్టుకుని.

"ఊరేగింపులు లోపలికి రానివ్వం" అన్నారు శ్రవణ్ కుమార్. "బాబా, నువ్వు ఇక్కడ ఉద్యోగివి. గుర్తుంచుకో."

నిజం చెప్పాలంటే బాబాకు అంతకన్నా కావలసింది లేదు. గేటు మూసుంది, సార్ వద్దంటున్నాడు, ఊరికి ఏం చెప్పాలో తెలిసిపోయింది. ఆయన వెనక్కి తిరగబోయాడు. రిజిస్ట్రార్ గారు అక్కడితో ఆపి ఉంటే కథ వాగు దగ్గరకు పోయేది. కానీ మనిషికి గెలిచాక ఇంకో మాట అనాలనిపిస్తుంది.

"ఆ కర్ర పట్టుకుని అటు పక్కనుంచి పొమ్మను అందరినీ" అన్నారాయన.

బాబా ఆగిపోయాడు.

"ఏమన్నవ్ సార్?"

ఆ పది దినాల్లో బాబాకు కోపం రావడం బండగడ్డ అప్పుడే మొదటిసారి చూసింది. "కర్రనా? గీన్ని కర్ర అంటవా? నువ్వు పెట్టిన ఇనుముకు పేరు గావాలె, మైకు గావాలె, శాలువా గావాలె. తాతలనాటి పీరు కర్రనా నీకు? తియ్ గేటు!"

"తియ్యకు, ఇస్రాయేలూ!"

"నేను తీస్తలేను సార్" అన్నాడు ఇస్రాయేలు, నిజాయితీగా. "ఆళ్లు సందులకెళ్లి పోతున్నరు."

అప్పటికే డప్పులు గేటు పక్క సందులోంచి లోపలికి దూరాయి. వాటి వెనక పీరు, పీరు వెనక ఊరు. తాళం వేసిన గేటు దగ్గర రిజిస్ట్రార్ గారు, ఇస్రాయేలు ఇద్దరే మిగిలారు.

పచ్చిక మీద, ఇనుప స్తంభానికి ఎదురుగా బాబా నిలబడ్డాడు. డప్పులు ఆగాయి. పైన పచ్చగుడ్డ గాలికి కొట్టుకుంటున్నది. ఆ పొద్దున విప్పలేదు కాబట్టి కింద స్తంభానికి కొత్త దట్టీలు కూడా ఉన్నాయి.

"వంచు, బాబన్నా" అన్నాడు వెంకటయ్య.

బాబా కదలలేదు. "మన పీరు ఎప్పటిది ఎంకటన్నా?"

"తాతల కాలంది."

"ఇది?"

"మొన్నటిది."

"మరి ఎవరు ముందుకు రావాలె?"

జనంలో గుసగుస లేచింది. ఆచారం ఆచారమే. పీర్లకు కట్టెలు పెట్టే ఇంటివాడు కాదనగలడా?

"రానీ" అన్నాడు బాబా. "నాలుగడుగులు ముందుకొచ్చి సలాం చెయ్యనీ. అలాయి బలాయి నేనే ఇస్త. నేను గీడనే నిలవడ్త."

నిలబడ్డాడు. ఎండలో, తడిసిన గడ్డిలో, మడమలు కూరుకుపోతుండగా. దట్టీలతో నిండిన పీరును నిటారుగా పట్టుకోవడం నడుస్తున్నప్పుడు వేరు, కదలకుండా నిలబడ్డప్పుడు వేరు. ఏమాత్రం ముందుకు ఒరిగినా అది సలాం కిందికే వస్తుంది. వెంకటయ్య అన్న కొడుకు ముందు వరుసలోకి వచ్చి వెదురు కొసనే చూస్తున్నాడు. బాబా మోచేతులు వణకడం మొదలైంది. చెమట కంట్లోకి దిగింది, తుడుచుకునే చెయ్యి లేదు. వెదురు కొస ఒకసారి ఊగింది. జనం ఒక్కసారిగా "ఆ..." అన్నారు. ఊగి, నిలిచింది.

లాల్‌బీ బిందెతో ముందుకు వచ్చింది. వంగి ఆయన కాళ్ల మీద నీళ్లు పోస్తూ, ఆయనకు ఒక్కడికే వినబడేట్టు అడిగింది:

"గుస్సా ఉన్నదా ఇంగ?"

"మస్తున్నది" అన్నాడు పళ్ల సందుల్లోంచి.

"అయితే ఏం గాదు. పట్టుకో."

ఇనుము ముందుకు రాలేదు. ఒక కాకి వచ్చి రేకు మీద వాలింది. రెట్ట కూడా వేసింది. పిల్లలెవరో నవ్వారు.

"అది ఎట్లొస్తది?" అన్నారు వెనకనుంచి ఎవరో. "కింద కాంక్రీటేసి బోల్టులు బిగిచ్చిన్రు గదా?"

"పెద్దలొస్తే బోల్టులు బిగిచ్చుకొని నిలవడేది పీరెట్లయితది?" అన్నాడు బాబా. "పెట్టెల పండుకున్నా సరే, లేపితే లేస్తది నా పీరు. పిలిస్తే వస్తది. పెద్దపీరు కనబడితే దాని మెడ దానంతట అదే వంగుతది. మీరు గూడ జూసిన్రు, మీ అయ్యలు జూసిన్రు. ఇది ఊరు ఊరంత వచ్చి నిలవడితే గూడ కదుల్తలేదు. చూడున్రి! కదుల్తదేమో చూడున్రి!"

అందరికన్నా ముందు కోపం వచ్చింది బుజ్జమ్మకు. ముఖం ఎర్రబారింది. ఇంటికి పెద్దవాళ్లు వస్తే మంచం దిగని సొంత అల్లుడినే అందరి ముందూ కడిగేసిన మనిషి ఆమె.

"ఇంత మందిల పెద్దమనిషి వచ్చి ఎండల నిలవడితే, జర తొవ్వకు ఎదురు రావొద్దా?" అంటూ స్తంభం దగ్గరకు విసవిసా నడిచింది. "గింత మర్యాద లేనిదానికా నేను దట్టీ కట్టింది? థూ!"

ఆ పొద్దున కట్టిన దట్టీ ముడి పంటితో పీకి విప్పుకుంది. వచ్చి, బాబా పట్టుకున్న వెదురుకు కట్టింది.

"మరి వానో?" అన్నాడు వెంకటయ్య, భార్యకు మాత్రమే వినపడేంత మెల్లగా.

"వానదేముంది, ఉప్పునుంతలల గూడ పడ్డది. ఆడ కూడ ఇదే పడగొట్టెనా?"

ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయి తమ తమ దట్టీలు విప్పుకున్నారు. ఎవరిది ఏదో గుర్తుపట్టుకోవడంలో చిన్న తగాదా కూడా జరిగింది. స్తంభం బోసిగా నిలబడింది, జిరాక్సు కాగితాలతో. వెంకటయ్య కాసేపు తన అన్న కొడుకు వైపు చూశాడు, కాసేపు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత డప్పుల వాళ్ల మీద విరుచుకుపడ్డాడు.

"ఏం జూస్తున్నర్రా? కొట్టున్రి! బాబన్నా, నడువు. పొద్దుగూకక ముందే వాగుకు చేరాలె."

బాబా కదిలాడు. మడమలు బురదలోంచి వచ్చేటప్పుడు చప్పుడైంది. సందు దాటేదాకా పీరు నిటారుగానే ఉంది.

మర్నాడు పొద్దున ఆయన భుజాలు పట్టేసి, పైపు కూడా ఎత్తలేని స్థితిలో పనికి వచ్చాడు. మడిచిపెట్టిన దట్టీల గోనెసంచిని ఈడ్చుకుంటూ పనిముట్ల గదిలోంచి బయటికి వస్తుంటే రిజిస్ట్రార్ గారు పచ్చిక నడుమ నిలబడి కనిపించారు. ఊరు ఊరంతా తొక్కిన చోట గడ్డి లేదు, బురదే. బాబా నిలబడ్డ చోట రెండు గుంటలు, వాటిలో నీళ్లు.

"చూడు బాబా, లాన్ ఏం చేశారో చూడు!" శ్రవణ్ కుమార్ గొంతు దాదాపు ఏడుపులో ఉంది. "తనిఖీ వాళ్లు వచ్చి ఇదేమిటని అడిగితే నేనేం చెప్పాలి? మీ పీరు వచ్చి నా క్యాంపస్‌ను నాశనం చేసి పోయింది!"

"గడ్డి సంగతి నేను జూసుకుంట గాని సార్, పెద్దోళ్లొస్తే ఎదురొచ్చి సలాం జెయ్యాలని మీ ఇనుముకు మీరు నేర్పుకోన్రి!"